ఇంటికి ఆనుకుని ట్రాక్టర్ షెడ్డు ఉందా? పొగ లోపలికి రాకుండా చూసుకోండి
(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఆరోగ్య పాఠం)

ఆయాసంతో, దగ్గుతో ఆస్పత్రికి వచ్చిన మనిషి నాలుగు రోజులు వార్డులో ఉండి తేరుకుంటారు. సంతోషంగా ఇంటికి వెళ్తారు. కొందరు పది రోజులు తిరగకముందే మళ్ళీ అదే ఆయాసంతో వస్తారు. మందులు వేళకు వేసుకున్నారు. ఇన్‌హేలర్ సరిగానే పీల్చారు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఒక్కోసారి ఆ తేడా మందులో ఉండదు, ఇంటి గాలిలో ఉంటుంది. కట్టెల పొయ్యి పొగ గురించి, బీడీ పొగ గురించి మేము అడుగుతాం, మీరూ చెబుతారు. గోడ అవతల షెడ్డులో నిలిపిన ట్రాక్టర్ గురించి చెప్పేవారు చాలా తక్కువ. అది బతుకుదెరువుకు సంబంధించిన వస్తువే గాని జబ్బుకు సంబంధించినదని ఎవరికీ తోచదు. అందుకే ఈ పాఠం.

ఈ పాఠంలో మనం నేర్చుకునేవి:
1. డీజిల్ పొగలో ఏముంటుంది, అది ఒంటికి ఏం చేస్తుంది?
2. షెడ్డులోని పొగ ఇంట్లోకి ఏ దారిన వస్తుంది?
3. దాన్ని రాకుండా చేయడం ఎలా?
4. ఎవరికైనా పొగ పట్టేస్తే ఏం చేయాలి, ఆస్పత్రిలో ఏం చెప్పాలి?

మన ప్రాంతంలో ఈ సంగతి ఎందుకు?

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. అప్పటి నుండి చుట్టుపక్కల పొలాలు చాలావరకు ప్లాట్లయ్యాయి, రోడ్లయ్యాయి. పొలం తగ్గినా ట్రాక్టర్ మాత్రం పోలేదు. దున్నే పని తగ్గితే నీళ్ళ ట్యాంకర్ తగిలించారు. మట్టి, ఇసుక, ఇటుక తోలుతున్నారు. చాలా ఇళ్ళకు ఆ బండే అన్నం పెడుతోంది.

మారిందల్లా దాన్ని నిలిపే చోటు. ఒకప్పుడు విశాలమైన వాకిట్లో చెట్టు కిందనో, పశువుల కొట్టం పక్కనో ట్రాక్టర్ ఉండేది. దాని పొగ గాలికి కొట్టుకుపోయేది. ఇప్పుడు ఉన్న కొద్ది స్థలంలోనే ఇల్లు, అందులోనే షెడ్డు. బయట పెడితే రాత్రిపూట బ్యాటరీ పోతుందేమో, డీజిల్ తీసేస్తారేమో అని భయం. అందుకని పడకగది గోడకు ఆనించి రేకుల షెడ్డు వేసుకుంటున్నారు. కొందరు కింద ట్రాక్టర్‌కు షట్టర్ పెట్టి, పైన ఇల్లు కట్టుకుంటున్నారు. భయం న్యాయమైనదే. అయితే బండికి దొంగల నుండి కాపలా పెట్టినట్టే, ఇంటికి పొగ నుండి కాపలా పెట్టుకోవాలి.

డీజిల్ పొగలో ఏముంది?

కంటికి కనిపించేది నల్లని మసి. కనిపించనివి అంతకంటే ఎక్కువ. ముఖ్యమైనవి మూడు.

మొదటిది, సన్నని మసి రేణువులు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. డీజిల్ మసి రేణువుల్లో ఎక్కువ భాగం ఒక్క మైక్రాన్ కంటే చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి గదుల దాకా వెళ్ళిపోతాయి. ఉబ్బసం ఉన్నవారికి గొట్టాలు బిగుసుకుపోతాయి. గుండె జబ్బు ఉన్నవారికి రక్తనాళాల మీద భారం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో డీజిల్ పొగను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. 2012 జూన్‌లో ఆ అనుమానం తీసేసి, అది మనుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారించి చెప్పింది.

రెండవది, నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు. కళ్ళు మండడం, గొంతు గరగరలాడడం, పొడి దగ్గు రావడంలో దీనికి పెద్ద పాలు ఉంది. దీనితో ఒక చిక్కు ఉంది. ఎక్కువగా పీల్చినప్పుడు ఆ క్షణంలో కాస్త దగ్గు వచ్చి తగ్గినట్టే ఉంటుంది. కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మరుసటి రోజున, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముదురుతుంది.

మూడవది, కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ వేరేవాళ్ళు ఆక్రమించుకుంటే మన మనిషి ఎక్కలేనట్టు, ఆక్సిజన్‌కు చోటు దొరకదు. మనిషి గాలి పీలుస్తూనే ఉంటాడు, లోపల మెదడుకూ గుండెకూ మాత్రం ఆక్సిజన్ అందదు.

"పెట్రోలు బండి పొగే ప్రమాదం, డీజిల్‌కు ఏమీ కాదు" అని కొందరు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. డీజిల్ ఇంజన్ సాధారణంగా పెట్రోలు ఇంజన్ కంటే తక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. తక్కువ అంటే లేదని కాదు. మూసిన షెడ్డులో ఇంజన్ నడుస్తూ ఉంటే ఆ కొంచెమే పోగవుతుంది. చల్లటి ఇంజన్ ఉత్తగా తిరుగుతున్నప్పుడు, పాత ఇంజన్ సరిగా మండనప్పుడు ఇంకా పెరుగుతుంది. పైగా మసి, నైట్రోజన్ వాయువులు డీజిల్‌తోనే ఎక్కువ. దేశమంతటా 2020 ఏప్రిల్ నుండి గంధకం బాగా తగ్గించిన డీజిల్ అమ్ముతున్నారు. అది మంచి మార్పే గాని, దానివల్ల పొగ మంచి గాలి అయిపోలేదు.

కార్బన్ మోనాక్సైడ్ ఎంత నిశ్శబ్దంగా పని చేస్తుందో తెలియడానికి రెండు సంఘటనలు గుర్తు చేస్తాను. 2018 జూలైలో అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో ఈ వాయువు లీకై ఆరుగురు కార్మికులు చనిపోయారు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో, చలికి గ్యాస్ హీటర్ పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకున్న కేరళ యాత్రికులు ఎనిమిది మంది మరణించారు. వారిలో నలుగురు పిల్లలు. ఈ రెండింటిలోనూ ట్రాక్టర్ లేదు. కాని వాయువు అదే. ఏ ఇంజన్ నుండి వచ్చినా, ఏ కుంపటి నుండి వచ్చినా అది చేసే పని ఒక్కటే.

పొగ ఇంట్లోకి ఎలా వస్తుంది?

ఒక ఇంటిని ఊహించుకోండి. చలికాలం, తెల్లవారుజామున ఐదు గంటలు. పెద్ద కొడుకు ట్యాంకర్ తీసుకుపోవాలని షెడ్డులోకి వచ్చి ట్రాక్టర్ స్టార్ట్ చేశాడు. చలిగాలి లోపలికి కొడుతుందని షట్టర్ సగమే ఎత్తాడు. ఇంజన్ వేడెక్కేలోగా చాయ్ తాగుదామని వంటింట్లోకి వచ్చాడు, వస్తూ మధ్య తలుపు తెరిచే వదిలాడు. కోడలు పొయ్యి వెలిగించి, పొగ పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసింది. షెడ్డు పక్క గదిలో నానమ్మ, ఆమె పక్కన ఎనిమిది నెలల బిడ్డ నిద్రపోతున్నారు.

ఇక్కడ ఎవరూ చెడు చేయాలని చేయలేదు. అందరూ ఇంటి కోసమే చేశారు. కాని జరిగింది చూడండి. మన ట్రాక్టర్లలో చాలావాటికి సైలెన్సర్ బానెట్ మీద నిలువుగా ఉంటుంది. పొగ నేరుగా పైకి వెళ్ళి రేకులకు తగిలి పరచుకుంటుంది. గోడకూ రేకులకూ మధ్య సందు ఉంటే అందులోంచి పక్క గదిలోకి దిగుతుంది. ఇక వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంట్లోని గాలిని బయటికి తోస్తుంది. తోసినంత గాలి ఎక్కడి నుండో ఒకచోటి నుండి లోపలికి రావాలి కదా! కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నది షెడ్డు తలుపు ఒక్కటే. అంటే మంచి కోసం వేసిన ఫ్యానే షెడ్డు పొగను ఇంట్లోకి గుంజింది.

పొగ వచ్చే దారులను ఒక్కొక్కటిగా చూసుకోండి:

• షెడ్డుకూ ఇంటికీ మధ్య తలుపు, దాని కింద సందు.
• గోడకూ పైకప్పు రేకులకూ మధ్య వదిలేసిన ఖాళీ.
• కరెంటు పైపులు, బోరు మోటారు పైపులు వేయడానికి గోడకు పెట్టిన రంధ్రాలు.
• షెడ్డులోంచే పై అంతస్తుకు వెళ్ళే మెట్లు. వేడి పొగ పైకి పోతుంది, మెట్లు దానికి పొగగొట్టంలా పనిచేస్తాయి.
• షెడ్డు వైపు కిటికీకి బిగించిన ఎయిర్ కూలర్. కూలర్ బయటి గాలినే లాగి లోపలికి కొడుతుంది. ఎండాకాలంలో ఇది మరచిపోకూడని సంగతి.
• షెడ్డు ముందు భాగానికి పైన ఉన్న పడకగది కిటికీ.

దారులు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ట్రాక్టర్ బయట ఉన్నప్పుడు, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీలు మూయండి. ఇంటి వైపు నిలబడి ఒక అగరుబత్తి వెలిగించి మధ్య తలుపు అంచుల వెంట, గోడ రంధ్రాల దగ్గర పట్టుకోండి. పొగ ఇంటి లోపలికి వంగితే, ఆ సందులోంచి షెడ్డు గాలి వస్తోందని అర్థం. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అగరుబత్తి పట్టుకుని షెడ్డులోకి మాత్రం వెళ్ళవద్దు, అక్కడ డీజిల్ డబ్బాలు ఉంటాయి.

ఏం చేయాలి?

అన్నిటికంటే మొదటి నియమం, పిల్లలకు కూడా నోటికి రావాల్సిన నియమం ఇది: కప్పు కింద ఇంజన్ నడవకూడదు. బండిని బయటికి తీయడానికీ, లోపల పెట్టడానికీ పట్టే ఆ కొద్ది సమయం తప్ప ఇంకెందుకూ నడవకూడదు. ఈ ఒక్కటి పాటిస్తే ముప్పులో చాలా భాగం తొలగిపోతుంది.

బండి నడిపేవారు చేయాల్సినవి:

1. ట్రాక్టర్‌ను ఎప్పుడూ వెనక్కి నడిపి షెడ్డులో పెట్టండి. అప్పుడు బానెట్, సైలెన్సర్ వాకిలి వైపు ఉంటాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగ గుమ్మం దగ్గరే బయటపడుతుంది. ట్రాలీని ముందే విడదీసి బయట ఉంచితే ఇది కష్టం కాదు.

2. స్టార్ట్ చేయడానికి ముందే షట్టర్ పూర్తిగా ఎత్తండి. మధ్య తలుపు మూసి ఉందో లేదో చూడండి. స్టార్ట్ అయిన వెంటనే బయటికి తీయండి. ఇంజన్ వేడెక్కాలంటే బయటే వేడెక్కాలి, ఇంటి కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో. అంత స్థలం లేకపోతే వీధిలోకి తీసుకెళ్ళండి. అయితే ఎదురింటి వారి కిటికీ ముందు ఆపవద్దు.

3. బండి వెళ్ళిన వెంటనే షట్టర్ దించవద్దు. లోపల మిగిలిన పొగ పోవడానికి కనీసం అరగంట తెరిచి ఉంచండి. ఆ సేపు మధ్య తలుపు, షెడ్డు వైపు కిటికీలు మూసే ఉండాలి.

4. సాయంత్రం బరువు పని చేసి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలని మెకానిక్‌లు చెబుతారు. అది వాకిట్లో చేయండి. తరువాత లోపలికి తెచ్చిన వెంటనే ఆపండి.

5. వాన పడుతోందని షెడ్డులోనే ఇంజన్ ఆన్ చేసి రిపేరు చేయవద్దు. ట్రాక్టర్‌కు డైనమోగానీ, గడ్డి కోసే మిషన్‌గానీ తగిలించి షెడ్డులో నడపవద్దు.

6. నల్లటి పొగ వస్తుంటే ఎయిర్ క్లీనర్ మూసుకుపోయిందో, నాజిల్ పాడైందో, బరువు మించిందో చూపించండి. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టు. సైలెన్సర్ అతుకుల దగ్గర మసి మరకలు ఉంటే అక్కడ లీకు ఉంది. అయితే ఒక మాట: పొగ కనిపించకపోతే విషవాయువు లేదని అనుకోవద్దు.

ఇంటి గోడల దగ్గర చేయాల్సినవి:

1. షెడ్డుకూ ఇంటికీ మధ్య గోడ పైకప్పు దాకా పూర్తిగా ఉండాలి. రేకుల కింద ఖాళీని ఇటుక, సిమెంటుతో మూసి రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయించండి. పైపుల చుట్టూ ఉన్న రంధ్రాలనూ సిమెంటుతో పూడ్చండి. ఒక మేస్త్రీకి ఒక పూట పని.

2. మధ్య తలుపు జాలీ తలుపు కాకుండా నిండు తలుపు అయి ఉండాలి. చుట్టూ రబ్బరు పట్టీ, కింద గడప ఉండాలి. దానంతటదే మూసుకునేలా స్ప్రింగ్ పెట్టించుకుంటే ఇంకా మంచిది. వీలైతే ఆ తలుపును శాశ్వతంగా మూసేసి, షెడ్డులోకి బయటి నుండే వెళ్ళండి.

3. ఇంటి వైపు గోడ ఎంత బిగువుగా ఉండాలో, షెడ్డు బయటి వైపు గోడ అంత తెరపిగా ఉండాలి. కింద ఒకటి, పైన ఒకటి సిమెంటు జాలీలు ఎదురెదురు గోడలకు పెట్టించండి. ఇవి మిగిలిన పొగ పోవడానికే. జాలీలు ఉన్నాయి కదా అని లోపల ఇంజన్ నడపడానికి అవి అనుమతి కాదు.

4. కూలర్‌ను షెడ్డు వైపు నుండి తీసి వేరే కిటికీకి మార్చండి. తెల్లవారుజామున బండి తీసే వేళకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాల్సి వస్తే, షెడ్డుకు దూరంగా ఉన్న కిటికీ ఒకటి తెరవండి.

5. మెట్లు షెడ్డులోంచి ఉంటే, మెట్ల పైన నిండు తలుపు పెట్టించండి.

6. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనగలిగినవారు నిద్రపోయే గదిలో పెట్టుకోండి. మామూలు పొగ అలారం వేరు, ఇది వేరు, చూసి కొనండి. అయితే మసినీ, నైట్రోజన్ వాయువునూ ఇది పసిగట్టదు. కాబట్టి అలారం ఉన్నా మొదటి నియమం మారదు.

ముక్కుకు తడి గుడ్డ, రుమాలు కట్టుకుంటే చాలని కొందరు అనుకుంటారు. మంచి మాస్కు మసిని కొంత ఆపుతుంది గాని, ఏ మాస్కూ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు.

ఇంట్లో రోగి ఉంటే మరింత జాగ్రత్త

ఆస్పత్రి నుండి మనిషిని ఇంటికి తీసుకెళ్ళేముందు ఏ గదిలో పడుకోబెట్టాలో ఆలోచించండి. ఉబ్బసం, పాత దమ్ము, గుండె జబ్బు, రక్తహీనత ఉన్నవారికీ, టీబీ తగ్గినా ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికీ షెడ్డు పక్క గది వద్దు. చాలా ఇళ్ళలో ముసలివారికి షెడ్డు పక్కన ఉన్న ముందు గదే ఇస్తారు, మెట్లు ఎక్కలేరని. అలాగైతే ట్రాక్టర్‌ను ఇంకో చోట పెట్టే మార్గం చూడండి.

గర్భిణులకు ముప్పు ఇంకా ఎక్కువ. తల్లి రక్తం కంటే కడుపులోని బిడ్డ రక్తం కార్బన్ మోనాక్సైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. తల్లికి చిన్న తలనొప్పిగా ఉన్నప్పుడే బిడ్డకు ఎక్కువ నష్టం జరిగి ఉండవచ్చు. పసిపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు, కాబట్టి వాళ్ళ లోపలికి పొగ కూడా త్వరగా చేరుతుంది.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవారు సిలిండర్‌ను, మిషన్‌ను షెడ్డుకు దూరంగా ఉంచాలి. ఆక్సిజన్ ఉన్నచోట డీజిల్, నూనె, గ్రీజు ఉంటే మంట చెలరేగే ప్రమాదం ఉంది. గ్రీజు చేతులతో సిలిండర్ తిప్పవద్దు.

ఈ లక్షణాలు కనిపిస్తే అనుమానించండి

తలనొప్పి, తల తిరగడం, వికారం, వాంతి, కాళ్ళలో బలం లేకపోవడం, మాట తడబడడం, మగతగా ఉండడం, ఛాతీలో నొప్పి, సొమ్మసిల్లడం. ఇవి చూసి చాలామంది "రాత్రి తిన్నది పడలేదు", "బీపీ పెరిగింది", "గ్యాస్ పట్టింది" అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. ఆ నిద్రే ప్రాణాంతకం కావచ్చు.

తేడా కనిపెట్టడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి:

• ఇంట్లో ఒకరికి మించి ఒకేసారి ఇలా ఉందా?
• బయటికి వెళ్తే తగ్గి, ఇంట్లోకి వస్తే మళ్ళీ మొదలవుతోందా?
• బండి తీసిన తరువాత, లేదా జనరేటర్ వేసిన తరువాత మొదలైందా?

ఒక్క దానికి "అవును" అని జవాబు వచ్చినా, ముందు అందరూ ఇంట్లోంచి బయటికి రండి. ఆలోచన తరువాత.

ఎవరైనా పొగలో పడిపోతే

1. పరుగెత్తి లోపలికి దూరవద్దు. కాపాడబోయినవారు కూడా అక్కడే పడిపోవచ్చు. ముందు కేకవేసి నలుగురిని పిలవండి. బయటి నుండి షట్టర్ పూర్తిగా ఎత్తండి, తలుపులు తెరవండి.
2. గాలి బాగా ఆడుతుండి, మీకు ముప్పు లేదనుకుంటేనే లోపలికి వెళ్ళి మనిషిని బయటికి లాగండి. చేతికందితే ఇంజన్ ఆపండి.
3. 108కి ఫోన్ చేయండి. పొగ పట్టిందని, మనిషికి ఆక్సిజన్ కావాలని చెప్పండి.
4. ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టండి. 108 వారు ఫోన్‌లో చెప్పేది వింటూ సాయం వచ్చేదాకా ఆపకండి.
5. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు, మజ్జిగ, నిమ్మరసం పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉల్లిపాయ వాసన చూపించడం, చెంపలు కొట్టడం వంటి వాటితో సమయం పోగొట్టుకోవద్దు.
6. లేచి కూర్చుని "నాకు బాగానే ఉంది" అన్నా ఆస్పత్రికి తీసుకురండి.

ఆస్పత్రిలో ఏం చెప్పాలి?

ఈ పాఠంలో ఇది చాలా ముఖ్యమైన భాగం. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసే పరికరం కరోనా కాలం నుండి చాలా ఇళ్ళలో ఉంది. అందులో 98 కనిపిస్తే మనకు ధైర్యం. కాని కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా మామూలు క్లిప్పు ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కపెడుతుంది. మనిషి ప్రమాదంలో ఉన్నా అంకె బాగానే కనిపించవచ్చు. కాబట్టి ఇంట్లో ఆ అంకె చూసి ఆగిపోవద్దు. ఈ వాయువును కొలిచే రక్తపరీక్ష వేరే ఉంది. అది చేయాలని డాక్టరుగారికి తోచాలంటే, పొగ సంగతి మీరు చెప్పాలి.

"షెడ్డు ఇంటికి ఆనుకుని ఉంది, పొద్దున ఇంత సేపు ఇంజన్ నడిచింది, ఇంట్లో ఇంకో ఇద్దరికి కూడా తలనొప్పి వచ్చింది." ఈ మూడు మాటలు చాలు. దాచాల్సిన పని లేదు, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి సుమారు 4 నుండి 5 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో సగమవుతుంది. మీరు చెప్పే మాట అన్ని గంటలను కాపాడుతుంది.

ఇంటికి పంపిన తరువాత కూడా గమనిస్తూ ఉండండి. ఒకటి రెండు రోజుల్లో దగ్గు, ఆయాసం పెరిగితే వెంటనే రండి. కొందరిలో కొన్ని రోజులకు, వారాలకు మతిమరుపు, నడక తడబడడం, స్వభావం మారడం కనిపిస్తాయి. అప్పుడు "వయసు వల్ల" అని వదిలేయక, పాత చీటీ తీసుకుని డాక్టరుగారికి చూపించండి.

ట్రాక్టర్ లేని ఇళ్ళవారికి

విమానాశ్రయం దగ్గర రాత్రంతా ప్రయాణికుల కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్లు మీ ఇంట్లో ఉండవచ్చు. ఆగి ఉన్న బండిలో అద్దాలన్నీ బిగించి, ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి నిద్రపోకూడదని వారికి చెప్పండి. గోడ పక్కనో, కప్పు కిందనో బండి ఆపి ఉంటే, సైలెన్సర్ గొట్టానికి లీకు ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. డీసీఎం, ట్యాంకర్ క్యాబిన్లలో పడుకునేవారికీ ఇదే మాట. కరెంటు పోయినప్పుడు జనరేటర్‌ను మెట్ల కింద, వరండాలో, దుకాణం లోపల పెట్టవద్దు. చలికి బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపు మూసుకోవద్దు.

ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబులు చెప్పుకోండి

1. మన బండి పొద్దున ఎక్కడ వేడెక్కుతోంది? ఎంతసేపు?
2. షెడ్డు గోడకు ఆనుకుని ఎవరు నిద్రపోతున్నారు?
3. మధ్య తలుపు కింద వేలు పట్టేంత సందు ఉందా?
4. మన కూలర్ ఏ గాలిని లాగుతోంది?
5. ఈ ఆదివారం మేస్త్రీని పిలిస్తే ముందు ఏ రంధ్రం పూడ్చాలి?
6. మొదటి నియమం ఏమిటి? చిన్న పిల్లాడితో చెప్పించండి.

మందులు మేమిస్తాం, సూది మేమేస్తాం. మీ ఇంటి గోడలోని సందు మాత్రం మాకు కనిపించదు, మీకే కనిపిస్తుంది. మీ రోగి డిశ్చార్జి అయ్యేలోగా ఇంట్లో ఒకరు వెళ్ళి ఆ అగరుబత్తి పరీక్ష చేసి రండి. వచ్చాక మా వార్డు నర్సుతో ఏం కనిపించిందో చెప్పండి. రోగిని ఏ గదిలో ఉంచాలో కలిసి నిర్ణయించుకుందాం.